ఎవరూ చదివించని డబ్బా

మా అన్న ఖాదర్ కూతురు రిజ్వానా పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే స్కూటీ మీద మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకుండానే తన ఫోను నా ముఖం ముందు పెట్టింది. నెల్లూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పని దానికి కుదిరింది. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చట, కంప్యూటరు మాత్రం సొంతది ఉండాలట. పని లేనప్పుడు ఆటలు ఆడుకోవాలన్నది కూడా పిల్ల కోరిక, దాన్ని దాచుకోవడం ఈ కాలం పిల్లలకు చేతకాదు. "అత్తా, ఇన్నేళ్లు ఇంజినీర్ల దగ్గర ప్లాన్లు గీసినావు గదా, ఈ లిస్టు ఒక తూరి చూడు" అంది. నేను కళ్లజోడు పెట్టుకుని చూశాను. ప్రాసెసర్, దానికి తగిన బోర్డు, మెమరీ, మరీ పెద్దదీ కాని మరీ చిన్నదీ కాని గ్రాఫిక్స్ కార్డు, ఒకదాని కింద ఒకటి పొందికగా ఉన్నాయి. ఐదో వరసలో పవర్ సప్లై ఉంది. మంచి కంపెనీది, అవసరానికి కాస్త మించినది. "ఇది ఇంత గట్టిది ఎందుకు?" అన్నాను, దాన్ని పరీక్షించినట్టు. "ఇది పాడైతే అన్నిటినీ తీసుకుని పోతుంది గదత్తా, ఇది అందరికీ తెలిసిందే" అని, "నీ మొదటి కంప్యూటరు ఎట్టా ఎంచుకున్నావు నువ్వు?" అని అడిగింది. ఎంచుకోలేదమ్మా, అందరూ కలిసి ఎంచి పెట్టారు అన్నాను. అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మాది ఇందుకూరుపేట దగ్గర దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. సైకిలెక్కితే మైపాడు సముద్రానికి పోయి మధ్యాహ్నం అన్నం వేళకు తిరిగి రావచ్చు. ఇంటి ముందు భాగంలో రేకుల షెడ్డు, అందులో దూది ఏకే మిషను, వెనక రెండు గదులు, ఆ వెనక వంటిల్లు. మా ఇంటి వాసన ఏమిటని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. కొత్త గుడ్డకు పెట్టిన గంజి, మిషనుకు వేసే నూనె, పాత పరుపుల్లోంచి దులిపిన దూదికి ఉండే చెమటలాంటి ముక్కవాసన, వీటన్నిటి మీదా సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పు తేమ. దూది పోగు తగలకుండా ఒక ముద్ద అన్నం తిన్న గుర్తు నాకు లేదు. మా అమ్మ కంచం ముందు పెట్టి, ఒకసారి వంగి ఉఫ్‌మని ఊది, అప్పుడు తినమనేది. ఇప్పుడు నేను ఉండే ఇంట్లో దుమ్ము కూడా లేదు, అయినా కంచం ముందు కూర్చుంటే ఒకసారి ఊదుతాను. చూసినవాళ్లు అన్నం వేడిగా ఉందనుకుంటారు.

మా నాయన మస్తానయ్య పొద్దున్నే షెడ్డులోకి పోయే ముందు బెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకునేవాడు. గొంతులో పడిన దుమ్మును బెల్లం కిందికి దించుతుందని ఆయన నమ్మకం. సాయంత్రం బయటికి వచ్చేసరికి కనురెప్పలు, చెవుల మీది వెంట్రుకలు, మీసం అన్నీ తెల్లగా ఉండేవి. చిన్నప్పుడు ఆయన్ని చూసి తాతయ్యా అని ఎగతాళి చేసేవాళ్లం. పరుపు కుట్టడం అయ్యాక కళ్లు మూసుకుని అరచేత్తో ఆ కొస నుంచి ఈ కొస దాకా నొక్కుకుంటూ పోయేవాడు. ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా తగిలిందంటే ఎంత రద్దీలో ఉన్నా కుట్టు విప్పేసేవాడు. "దూది ఎంత మంచిదైనా ఒక్కచోటే కూరినావంటే అది పరుపు గాదు, మూట" అనేవాడు. ఈ మాట ఆయన రోజూ అంటున్నా, అదే ఇంట్లో మేము ఒక మూట కట్టాం. అంత తెలిసిన మనిషికి ఆ సంగతి ఎందుకు తట్టలేదని నాకు కోపం వచ్చిన రోజులు ఉన్నాయి. ఆయనకు తట్టకపోవడం సహజం, ఎందుకంటే కంప్యూటరు సంగతి తెలిసింది నాకొక్కదానికే.

ఆయన దగ్గు మొదలై చాలా కాలమైంది. మొదట చలికాలంలో వచ్చేది, తర్వాత అన్ని కాలాల్లోనూ ఉండిపోయింది. చివరికి అమ్మ పోరు పడలేక నెల్లూరు తీసుకుపోయాం. డాక్టరు ఛాతీ ఫొటో వెలుతురుకు పట్టి చూసి, ఆ దుమ్ములోంచి బయటికి రాకపోతే ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడతాయి, పోయింది తిరిగి రాదు, ఉన్నదైనా నిలుపుకోండి అన్నాడు. "బయటికొస్తే ఏం తినేది డాక్టరయ్యా?" అని నాయన మామూలుగా, బజారులో ధర అడిగినట్టే అడిగాడు. డాక్టరు దానికి మందు రాయలేకపోయాడు.

అప్పటికి నేను బిల్డింగు ప్లాన్లు కంప్యూటర్లో గీసే కోర్సు పూర్తి చేసి ఖాళీగా ఉన్నాను. ఖాదర్ డిగ్రీ చదువుతూ, చదువు కంటే నెట్ సెంటర్లో ఆటల మీదే శ్రద్ధ పెట్టే రోజులు. నాకు కోర్సు చెప్పిన మేడం ద్వారా నెల్లూరులో ఒక ఇంజినీరు గారి పరిచయం దొరికింది. ఆయన నేను గీసినవి రెండు చూసి, "ఆఫీసులో కూర్చోబెట్టుకోవడానికి తావు లేదమ్మా. ఇంటో నీకు సొంత కంప్యూటరు ఉంటే పని నేనిస్తా. ముందు ఒక అపార్ట్‌మెంటుకు ఏడు షీట్లు గీసి చూపించు, బాగుంటే నెలనెలా పని నీదే" అన్నాడు. ఆ మాట సాయంత్రం ఇంట్లో చెప్పాను. నాయన మిషను వైపు చూస్తూ, "నాగూరమ్మా, నీ పని నిలబడిన రోజు ఈ మిషను బెల్టు ఊడదీసేస్తా" అన్నాడు. అమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. రొట్టెల పండగకు పోయి చెరువు నీళ్లలో నిలబడి నా పేరున ఉద్యోగ రొట్టె పట్టి తెచ్చింది. ఇంట్లో అందరికీ నా పని అంటే నాయన ఊపిరే. ఎవరూ అలా పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

నెల్లూరులో ఒక మేడ మీద గదిలో సుధాకరన్న అని ఒకాయన కంప్యూటర్లు బిగించి ఇచ్చేవాడు. గదినిండా విప్పిన డబ్బాలు, మధ్యలో కూర్చోవడానికి ఒకే స్టూలు, దాని మీద ఆయన. నేనూ ఖాదరూ నిలబడే మాట్లాడాం. నాకు ప్లాన్లు గీయడానికి కావాలన్నాను. ఖాదర్ ఆటలకు కూడా అన్నాడు. ఆయన మా ఇద్దరినీ చూసి, "రెంటికీ సరిపోయేటట్టు రాస్తా, కానీ రాసింది రాసినట్టే కొనాల" అని ఒక పాత బిల్లు వెనక రాయడం మొదలుపెట్టాడు. రాస్తూనే చెప్పాడు. "చూడు పాపా, బండికి ఒక పక్క ఒంగోలు గిత్తను, ఇంకో పక్క దూడను కట్టినావంటే బండి గుంతలో పడతాది. గిత్త మంచిదే, దూడా మంచిదే, కట్టినోడే మంచోడు గాదు." ప్రాసెసరు నడిరకానిది, మెమరీ మాత్రం కాస్త ఎక్కువ, కార్డు చిన్నది, మానిటరు మామూలుది. చివరికి కరెంటు డబ్బా, అంటే గోడలోంచి వచ్చే కరెంటును లోపలి వస్తువులన్నిటికీ పంచిపెట్టే పెట్టె, దాని కంపెనీ పేరు రాసి కింద రెండు గీతలు గీశాడు. "కంప్యూటరు బీరువాతో, అంటే ఇవన్నీ బిగించే పై పెట్టెతో, ఊరకే ఒక డబ్బా వస్తాది. అది తీసి పక్కన పారేసి ఇది పెట్టుకో. మీ వైపు రొయ్యల గుంటల ఏరియేటర్లు, ఆ నీళ్లకు గాలి కొట్టే చక్రాలు, ఒక్కసారి తిరిగినాయంటే కరెంటు ఊగిసలాడతాది. దీన్ని మాత్రం తగ్గించొద్దు." ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను.

ఇప్పుడు మా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మా కుటుంబాల్లో కొత్త పనిముట్టు ఏదీ ఒక్కరే కొనుక్కోరు. ఒంటిచేత్తో కొన్న పనిముట్టుకు బరకత్తు ఉండదని పెద్దల మాట. దూది ఏకే మిషను కొన్నప్పుడు కూడా మోటారు ఒకరు, బెల్టు ఒకరు, పళ్ల రోలరు ఒకరు పంచుకుని తెచ్చారు. తెచ్చినవాటిని చాపమీద పెట్టి, సాంబ్రాణి వేసి, ఫాతిహా చదివించి, బెల్లం కలిపిన మలీదా పంచుతారు. తర్వాత పెళ్లిలో చదివింపులు చదివినట్టే, ఎవరు ఏం తెచ్చారో ఒక పెద్దమనిషి నిలబడి గొంతెత్తి చదువుతాడు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. లేనివాళ్ల ఇంట్లో పెద్ద వస్తువు రావడానికి ఇంతకంటే మర్యాదైన దారి నేను ఇప్పటికీ చూడలేదు. కాకపోతే అందరి ముందూ పేరు చదివించుకునే మనిషి, చదివినప్పుడు పదిమందీ తలతిప్పి చూసే వస్తువే తెస్తాడు. మిషనుకు ఆ బాధ లేదు, మెకానిక్కు ఏ రోలరు చెబితే అదే తేవాలి. కంప్యూటరుకు ఏం తేవాలో మా ఇంట్లో చెప్పగలిగిందల్లా నేనొక్కదాన్నే. నేను ఆడపిల్లను, అందరికంటే చిన్నదాన్ని.

మా అమ్మ తమ్ముడు దస్తగిరి మామ అప్పట్లో రొయ్యల మేత కొట్టు పెట్టి నాలుగు రాళ్లు వెనకేసుకుంటున్నాడు. మనిషి వెన్న. కానీ ఏది ఇచ్చినా ఊళ్లో అందరికంటే పెద్దదే ఇవ్వాలి. నేను చిన్న కార్డు పేరు రాసిచ్చాను. ఖాదర్ ఆ చీటీని ఏం చేశాడో, ఏ ఆటల పుస్తకం చూపించాడో గానీ, మామ చెన్నై పోయి ఇటుకంత కార్డు, రెండు ఫ్యాన్లున్నది తెచ్చాడు. నెల్లూరులో ఉండే మా చిన్నాయన పెద్ద మానిటరు చదివిస్తానన్నాడు. మెమరీ నాయన వంతుకు వచ్చింది. చిన్నవిగా, జానెడు కూడా లేని ఆ బిళ్లలు రెండెందుకు, ఒకటి చాలదా అన్నాడాయన. చాలదని చెప్పే లోపలే దగ్గు వచ్చింది ఆయనకు. దగ్గు ఆగాక నేను చాలులే నాయనా అన్నాను. ఇలా నా మొదటి ఒప్పుకోలు అయింది.

రెండోది హుస్సేనమ్మత్త దగ్గర. నాయనకు ఒక్కతే అక్క. మొగుడు పోయాక టైలరింగు చేసి పిల్లల్ని పెంచిన మనిషి, ఎవరింటికి పోయినా ఒట్టి చేతులతో పోదు. కరెంటు డబ్బా ఆమె ఇస్తుందని అమ్మా నేనూ అనుకున్నాం. నేనే పోయి అడిగాను. "దాన్ని యాడ పెడతారు?" అని అడిగింది. లోపల, వెనక మూల అన్నాను. "బయటికి అగపడదా?" అగపడదన్నాను. అత్త కాసేపు కుట్టు మిషను తొక్కి ఆగింది. "ఒకరు కార్డంట, ఇంకొకరు మానిటరంట ఇస్తా ఉంటే, సొంత మేనత్త కరెంటు డబ్బా చదివించిందంటే నలుగురూ ఏమనుకుంటారే? నేను బీరువా ఇస్తా. అద్దం తలుపుండేది, లోపల నీలం లైట్లుండేది. నా కాడ కుట్టే ఆమె కొడుకు తెచ్చిస్తాడంట." అప్పుడు కూడా నోరు తెరవొచ్చు. బీరువా ఇస్తే ఇవ్వత్తా, లోపలి డబ్బా మాత్రం మార్చుకుంటాను అనొచ్చు. అదంతా నా పర్సులో కాగితం మీద రెండు గీతలతో సహా ఉంది. కానీ ఇచ్చినదాన్ని విప్పి లోపలిది తీసి పారేయడమంటే, పెట్టిన చీరకు అంచు కత్తిరించుకోవడమే మా వాళ్ల లెక్కలో. నేను సరే అత్తా అన్నాను. ఇంటికి వచ్చి నాయనకు చెబితే, "బీరువాతోనే వస్తా ఉంటే ఇంగొకటెందుకే, అక్క మనసు నొచ్చుకుంటాది, గమ్మునుండు" అన్నాడు. గమ్మునున్నాను. అలా జాబితాలో ఆ ఒక్క వరస ఎవరూ చదివించకుండానే కొట్టుకుపోయింది.

చదివింపుల రోజు మా షెడ్డు కడిగి చాపలు పరిచారు. మా వీధిలో పెద్ద గొంతున్న కాశిం తాత నిలబడి చదివాడు. "మేనమామ దస్తగిరి గారు, మదరాసు నుంచి తెచ్చిన రెండు ఫ్యాన్ల కార్డు ఒకటి, సంతోషంగా." జనం ఆహా అన్నారు. "మేనత్త హుస్సేనమ్మ గారు, లైట్లుండే కంప్యూటరు బీరువా ఒకటి, సంతోషంగా." అత్త పైట సర్దుకుని తల దించుకుంది, సంతోషం దాచుకోలేక. ఆమె ముఖంలో అంత వెలుగు అంతకు ముందు నేను చూడలేదు. సుధాకరన్నే వచ్చి బిగించాడు. బీరువా తెరిచి వెనక మూల ఉన్న డబ్బా చేత్తో ఎత్తి చూశాడు. అది బరువు లేకుండా లేచింది. నా వైపు చూశాడు. నేను అత్త వైపు చూశాను. ఆయన నెల్లూరు మనిషే, ఇటువంటివి ఎన్ని చూసుంటాడో, ఏమీ అనకుండా బిగించేసి, పోయేటప్పుడు గుమ్మం దగ్గర మాత్రం, "ఆటలు ఆడనీయొద్దు పాపా. నువ్వు గీసుకో, అంతే. తొందరగా ఆ డబ్బా మార్చు" అని మెల్లగా చెప్పాడు. నీలం లైట్లు వెలిగాయి. ఫ్యాన్లు తిరగగానే అమ్మ, "శ్రీహరికోటలో లేచేది మనింటోనే లేస్తా ఉండాదే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత మూడు వారాలు నేను గీశాను. మెమరీ చాలక ఒక గీత గీసి, అది తెర మీదికి వచ్చేదాకా ఎదురుచూసి, ఇంకో గీత. వాకిట్లో దూది మిషను తిరిగినప్పుడల్లా లోపల యూపీఎస్ కుయ్యోమని అరిచేది. రెండు మూడుసార్లు కంప్యూటరు దానంతటదే ఆరిపోయింది. అది చూసి నాయన నేను గీసే వేళల్లో తన మిషను ఆపేయడం మొదలుపెట్టాడు. పగలంతా షెడ్డులో స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని ఉండేవాడు. పరుపులు ఆలస్యమవుతున్నాయని వచ్చినవాళ్లతో, "మా పాప పని జేస్తా ఉండాది, రేపు రాండి" అని చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఉండే గర్వం నాకు గోడ ఇవతలికి వినపడేది. ఇంకో సంగతి కూడా వినపడేది. మిషను ఆగిన ఆ మూడు వారాల్లో ఆయన దగ్గు తగ్గింది. అమ్మ కూడా గమనించింది. మేమిద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు, దిష్టి తగులుతుందన్నట్టు.

సోమవారం పొద్దున ఇంజినీరు గారికి షీట్లు ఇవ్వాలి. ఆదివారం మధ్యాహ్నానికి ఆరు అయిపోయాయి, ఏడోది సగంలో ఉంది. మొదటి రెండు పెన్‌డ్రైవులో ఎక్కించి పెట్టుకున్నాను. తక్కినవి అన్నీ పూర్తయ్యాక ఒకేసారి ఎక్కిద్దామనుకున్నాను. ఇది ఎవరి మీదికీ నెట్టలేని నా తెలివితక్కువ. అన్నాలు తినే వేళకు దస్తగిరి మామ తన కొట్టుకు వచ్చే రొయ్యల రైతులు ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చాడు. కార్డు చూపించడానికి. హుస్సేనమ్మత్త కూడా అప్పటికే వచ్చి ఉంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఏందిమే, గీతలేనా? నేనిచ్చిన కార్డు గీతలకేనా? ఖాదరా, ఆ యుద్ధం ఆట పెట్టు, వీళ్లు చూస్తారు" అన్నాడు మామ.

"సాయంత్రం చూద్దువులే మామా, కొంచెం పనుండాది" అన్నాను.

"ఎంతసేపు? ఐదు నిమిషాలు. మాపటికి వీళ్లకు గుంటల కాడ పనుండాది."

ఖాదర్ నా వైపు చూశాడు. వాడికి సుధాకరన్న మాట తెలుసు. తెలిసినా ఆడాలని ఉంది. ఇరవై ఏళ్లవాడు, ఇంట్లో అంత కార్డు పెట్టుకుని మూడు వారాలు చూస్తూ కూర్చున్నాడు. నేను నాయన వైపు చూశాను. ఆయన మామ వైపు చూసి, "పెట్టమ్మా, ఇచ్చినోడు ఒకపాలి చూసుకోవద్దా" అన్నాడు. వచ్చిన రైతుల్లో ఒకాయన అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈ డబ్బా దానికి చాలదు మామా, కాలిపోతుంది, నా షీట్లన్నీ అందులో ఉన్నాయి అని నేను చెప్పాలి. అలా చెబితే మామ ఇచ్చింది వాడుకోలేమని ముగ్గురు బయటివాళ్ల ముందు అన్నట్టు, అత్త ఇచ్చింది పనికిరానిదని అత్త ఎదుటే అన్నట్టు. ఫైలు సేవ్ చేసి పక్కకు తప్పుకున్నాను. కనీసం పెన్‌డ్రైవు పెట్టుకుంటాను ఆగండి అనడానికి కూడా, ఆ పెద్దవాళ్లు నిలబడి ఎదురుచూస్తుంటే మొహమాటం అడ్డొచ్చింది.

ఆట చాలా బాగుంది, ఆ మాట చెప్పాలి. గోడంత తెర మీద ఎడారి, ట్యాంకులు, దుమ్ము. రైతులు ముందుకు వంగి చూశారు. మామ ఖాదర్ భుజం మీద చెయ్యేసి ప్రతి కాల్పుకూ వివరణ చెబుతున్నాడు. అత్త తన నీలం లైట్ల మీద పడిన పోగును పైట కొంగుతో తుడిచింది. పావుగంట కూడా గడవలేదు. వెనక మూల నుంచి టప్పుమని ఒక శబ్దం, తెర నల్లగా అయిపోయింది, అద్దం తలుపు లోపల సన్నగా పొగ. కాలిన రబ్బరు, చేప పొలుసు కలిసినట్టు ఒక వాసన. ఖాదర్ మీట మళ్లీ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. "కరెంటు పోయిందేమో" అన్నాడు నాయన. పైన ఫ్యాను తిరుగుతోంది.

సుధాకరన్న సాయంత్రం వచ్చి విప్పి చూశాడు. డబ్బా పోతూ పోతూ బోర్డునూ, నా షీట్లున్న డిస్కునూ తీసుకుపోయింది. మామ ఇచ్చిన కార్డుకు మాత్రం ఏమీ కాలేదు. మామ ముఖం వేలాడేసుకుని, "నేను ఆట పెట్టమనకుండా ఉండాల్సింది" అన్నాడు. అత్త గోడకు ఆనుకుని, "నేనిచ్చిందాంట్లో ఏం తప్పుండాదో నాకు తెలవదు పాపా, అమ్మినోడు మంచిదనే ఇచ్చినాడు" అని అదే మాట నాలుగుసార్లు అంది. ఆమెను ఓదార్చింది నేనే. నీ తప్పేమీ లేదత్తా, కరెంటు ఊగింది అన్నాను. నిజానికి ఇది ఫలానా వాళ్ల తప్పని వేలెత్తి చూపలేం. ప్రతి ఒక్కరూ తమకున్నదాంట్లో మేలైనది తెచ్చి ఇచ్చారు. ఇంత ప్రేమతో ఒక మనిషి బతుకును ఎలా పాడుచేయొచ్చో నాకు అప్పుడు తెలిసింది.

సోమవారం బస్సెక్కి నెల్లూరు పోయి రెండు షీట్లు చూపించాను. ఇంజినీరు గారు కోప్పడలేదు. వారం గడువు అడిగాను. "నా గడువు నా చేతుల్లో లేదమ్మా, మున్సిపాలిటీలో ఎల్లుండి పెట్టాల" అని, పక్క కుర్చీలో ఉన్న కుర్రవాడికి ఫైలు అందించాడు. ఇంటికి వచ్చేసరికి సందు మొదట్లోనే దూది మిషను చప్పుడు వినపడింది. నాయన మూతికి తువ్వాలు చుట్టుకుని, మూడు వారాల పాత బాకీ పరుపులన్నీ ఒక్కరోజే తేల్చేసేవాడిలా దూది అందిస్తున్నాడు. నన్ను చూసి ఏమైందని అడగలేదు. "పొయ్యి మీద అన్నముండాది, తిను" అన్నాడు. అన్నాక దగ్గాడు. ఆ దగ్గు విని నేను షెడ్డులోనే కూలబడి ఏడ్చాను. ఆయన మిషను ఆపి వచ్చి పక్కన కూర్చుని, నా తల మీద చెయ్యి పెట్టబోయి, చేతినిండా దూది ఉందని వెనక్కు తీసుకున్నాడు.

తర్వాత నాకు పని దొరకలేదని కాదు. ఏడాదిన్నరకు ఇంకో ఆఫీసులో చేరాను, రోజూ బస్సు మీద పోయి వచ్చాను, ఇంకో రెండేళ్లకు ఇల్లు గడిచేంత సంపాదించాను. అప్పుడు మిషను బెల్టు ఊడదీశాం. ఊడదీసే బలం నాయన చేతుల్లో లేక ఖాదర్ ఊడదీశాడు. డాక్టరు ముందే చెప్పినట్టు, పోయింది తిరిగి రాలేదు. ఊరందరికీ పరుపులు కుట్టిన మనిషి తన చివరి రెండేళ్లూ పరుపు మీద వెల్లకిలా పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి అందేది కాదు. నాలుగు దిండ్లు వీపుకు పెట్టుకుని, కూర్చునే నిద్రపోయేవాడు. ఆ దిండ్లు కూడా ఆయన కుట్టినవే.

ఆ కాలం మంచిదా, ఈ కాలం మంచిదా అని తూకం వేయమంటే నాకు చేతకాదు. రిజ్వానా కంప్యూటరుకు ఎవరూ ఏమీ చదివించడం లేదు. కావాల్సినవి అదే వెతుక్కుంది, అదే కొనుక్కుంటోంది, తప్పైతే తప్పు దానిది, ఒప్పైతే ఒప్పు దానిది. అది చూస్తే నాకు కాస్త దిగులుగా కూడా ఉంటుంది, ఒక వస్తువు ఇంటికి వస్తుంటే చాప పరచకపోవడం, సాంబ్రాణి వాసన లేకపోవడం. మామ లేడు, అత్త లేదు, వాళ్ల మీద ఇప్పుడు నాకు ఏ కోపమూ లేదు. ఉన్న కోపమంతా ఒక పిల్ల మీద. పర్సులో కాగితం పెట్టుకుని, అందరి ముఖాలూ చూసుకుంటూ నిలబడిపోయిన పిల్ల మీద. ఇన్నాళ్లూ ఆ పిల్లను సమర్థించుకుంటూ వచ్చాను. అప్పటి పద్ధతులు అలాంటివి, పెద్దవాళ్ల మనసు నొచ్చుకునేది, నా స్థానంలో ఎవరున్నా అంతే చేసేవారు అని. నిన్నటి దాకా ఈ సమర్థింపు నాకు బాగానే పనికొచ్చింది.

నిన్న సాయంత్రం ఖాదర్ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. జుట్టు నెరిసి, కొంచెం పొట్ట వచ్చి, అచ్చు దస్తగిరి మామలా తయారయ్యాడు మా అన్న. టీ తాగుతూ కూతురి ఫోను తీసుకుని చూసి, "ఈ కార్డెందుకు, దీని పైది తీసుకో. ఆ ఒక్కటీ నేను కొనిస్తా. మా నాయన కొనిచ్చినాడని చెప్పుకోవద్దా నువ్వు?" అన్నాడు. నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"వద్దు నాన్నా, అది పెడితే తక్కినవి చాలవు. నువ్వు ఇయ్యాలనుకుంటే పవర్ సప్లై కొనియ్యి" అంది రిజ్వానా, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

"అట్టాగా? సరే, అదే కొనిస్తాలే. ఏ కంపెనీదో రాసియ్యి" అని ఖాదర్ పళ్లెంలోంచి ఇంకో బిస్కెట్ తీసుకున్నాడు.

అంతే. అన్న నొచ్చుకోలేదు. పిల్లకు చెమట పట్టలేదు. మాట అన్నదీ విన్నదీ కూడా వాళ్లకు గుర్తుండదు. హుస్సేనమ్మత్త కూడా ఆ రోజు ఇలాగే సరేలే అనేదేమో, మామ ఇలాగే ఇంకో రోజు వస్తాంలే అనేవాడేమో. నేను అడగలేదు కాబట్టి నాకు ఎప్పటికీ తెలియదు.

"ఏందిమే, ఏడస్తా ఉండావా?" అన్నాడు ఖాదర్.

"ఆ రోజు నేను గూడా ఇట్టా ఒక్క మాట అనుంటే, నాయన..." అన్నాను. ఖాదర్ చేతిలోని బిస్కెట్ తిరిగి పళ్లెంలో పెట్టేసి, నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.